మూడింటిలో ఏది పనిచేసింది?

‘మీరు సొంతంగా పరిష్కరించిన ఒక సమస్య గురించి చెప్పండి’... ఇంజినీరింగ్ ఇంటర్వ్యూల్లో తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. దీనికి నేను మూడు చోట్ల జవాబు చెప్పాను. రెండు చోట్ల పోయింది. మూడో చోట ఉద్యోగం వచ్చింది. విచిత్రం ఏంటంటే రెండోసారీ, మూడోసారీ నేను చెప్పింది ఒకే సంగతి. కుళాయి తిప్పితే బీరుకు బదులు నురగ పోసే ఒక స్టీలు పీపా కథ. అదే కథకు ఒకచోట ‘నో’, ఇంకోచోట ‘ఎస్’ ఎందుకు వచ్చాయో తెలుసుకుంటే, ఇప్పుడు ప్లేస్‌మెంట్ల కోసం తయారవుతున్నవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నా.

కొన్న ప్రాజెక్టు... కొనలేని జవాబు

నేను బీటెక్ మెకానికల్. ఫైనలియర్‌లో మా బ్యాచ్ నలుగురం కలిసి అమీర్‌పేటలో ప్రాజెక్టు కొన్నాం. బైండింగ్ చేసిన రిపోర్టు, ఒక సీడీ, వైవాలో అడిగే ప్రశ్నల జిరాక్సు... అన్నీ ప్యాకేజీలోనే. ఎక్స్‌టర్నల్ వచ్చిన రోజు నలుగురం తలో పేజీ బట్టీపట్టి గట్టెక్కాం. దాని గురించి మళ్లీ ఎవరైనా అడుగుతారని అప్పుడు అనుకోలేదు.

ఎమ్మెస్ చేయడానికి అమెరికాలోని మిల్వాకీ వెళ్లాక, ఇంటర్న్‌షిప్ కోసం మొదటి ఇంటర్వ్యూలో అడిగారు. ఇంకేముంది, రిపోర్టులోని మొదటి రెండు పేజీలు గడగడా అప్పజెప్పేశా. ఎదుటి మనిషి శ్రద్ధగా విని, ‘మొదట ప్రయత్నించినప్పుడు ఏది కుదరలేదు?’ అన్నాడు. కొన్న ప్రాజెక్టులో కుదరనిదంటూ ఏముంటుంది? అన్నీ కుదిరాకే కదా అమ్ముతారు! నేను నీళ్లు నమిలాను. ఇంటర్వ్యూ అక్కడితో అయిపోయింది.

ఆ రోజు గదికి వచ్చాక లెక్క చూసుకుంటే, నాలుగేళ్ల ఇంజినీరింగ్‌లో నా చేత్తో నేను బాగుచేసిన వస్తువు ఒక్కటి కూడా గుర్తుకురాలేదు.

బేస్‌మెంట్‌లో బీరు

మిల్వాకీ మిషిగన్ సరస్సు ఒడ్డున ఉంటుంది. 19వ శతాబ్దంలో జర్మనీ నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు అక్కడ పెద్ద పెద్ద బీరు కంపెనీలు పెట్టారు. పాబ్‌స్ట్, ష్లిట్జ్, మిల్లర్ లాంటివన్నీ ఆ ఊరివే. వాళ్ల బేస్‌బాల్ జట్టు పేరు కూడా ‘బ్రూయర్స్’. అంటే బీరు కాచేవాళ్లని అర్థం.

మేం ముగ్గురం తెలుగువాళ్లం ఒక పాత ఇంటి పైవాటాలో అద్దెకుండేవాళ్లం. కింద ఓనరు. మెషిన్ షాపులో పనిచేసి రిటైరైన పెద్దాయన. బేస్‌మెంట్‌లో సొంతంగా బీరు కాచుకోవడం ఆయన వ్యాపకం. అమెరికాలో ఇది మామూలే. 1978లో జిమ్మీ కార్టర్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు సంతకం చేసిన చట్టంతో, సొంత వాడకానికి ఇంట్లో బీరు తయారుచేసుకోవడానికి కేంద్రం స్థాయిలో అనుమతి వచ్చింది. ఒక ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే ఏడాదికి 200 గ్యాలన్ల వరకూ చేసుకోవచ్చు. అమ్మకూడదు. మనదగ్గర మాత్రం అలా కుదరదు. ఎక్సైజ్ లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు తయారుచేస్తే తెలుగు రాష్ట్రాల్లో కేసవుతుంది. కాబట్టి ఇది చదివి ఎవరూ హాస్టల్లో ప్రయోగాలు మొదలుపెట్టొద్దు. మనకు కావాల్సింది బీరు కాదు, నురగ.

ఒక ఆదివారం వాషింగ్ మెషిన్‌లో బట్టలు వేయడానికి కిందికి దిగితే, ఆయన గ్లాసు పట్టుకుని విసుక్కుంటున్నారు. పాత ఫ్రిజ్ తలుపుకి రంధ్రం చేసి కుళాయి బిగించారు. లోపల 19 లీటర్ల స్టీలు కెగ్. ఒకప్పుడు కూల్‌డ్రింక్ కంపెనీలు వాడినవే ఈ కెగ్గులు. పక్కన కార్బన్ డయాక్సైడ్ సిలిండర్, దాని మీద రెగ్యులేటర్. గ్యాస్ పైనుంచి బీరు మీద ఒత్తిడి పెడుతుంది. బీరు అడుగునుంచి గొట్టంలోకి ఎక్కి, సన్నటి ప్లాస్టిక్ పైపులోంచి కుళాయికి వస్తుంది. ఏర్పాటంతా ఇంతే. కానీ కుళాయి తిప్పితే గ్లాసులో సగానికి పైగా నురగే. దాన్ని బకెట్లో పారబోసి, మళ్లీ పట్టి, మళ్లీ పారబోసి... మూడు వారాలు కష్టపడి చేసినదాంట్లో చాలా భాగం బకెట్ పాలు.

‘నువ్వు ఇంజినీరువి కదా, చూడు’ అన్నారు. కాదనలేకపోయా.

ఒత్తిడి తగ్గిస్తే పోతుందనుకున్నా

రెగ్యులేటర్ మీద 12 పీఎస్‌ఐ ఉంది. బండి టైర్లో గాలి కొట్టించేటప్పుడు చెప్పే పీఎస్‌ఐ, అదే కొలత. ఒత్తిడి ఎక్కువైతేనే కదా అంత దూకుడుగా వచ్చేది అనుకుని 5కు తగ్గించా. నురగ తగ్గింది. హమ్మయ్య అనుకున్నాం. రెండు రోజులకు మళ్లీ మొదలైంది. ఈసారి పైపులోనే బుడగల వరుసలు కనిపించాయి. పైగా గ్లాసులో బీరు చప్పగా ఉందని ఆయన మొహం చిట్లించారు.

ఎందుకలా అయింది? గోలీ సోడా గుర్తుతెచ్చుకోండి. సీసాలో గ్యాస్ ఒత్తిడితో గోలీ మూతికి అతుక్కుని ఉన్నంతసేపు లోపల సోడా మామూలు నీళ్లలా నిశ్చలంగా ఉంటుంది. బొటనవేలితో గోలీని నొక్కగానే ‘టప్’మని ఒత్తిడి పడిపోతుంది, వెంటనే బుడగలు పొంగుకొస్తాయి. ద్రవంలో ఎంత గ్యాస్ కరిగి ఉండగలదన్నది పైనున్న ఒత్తిడిని బట్టి ఉంటుంది. 1803లో విలియం హెన్రీ చెప్పిన సూత్రం ఇదే. ఇంటర్ కెమిస్ట్రీలో అందరం చదివాం. దీంతోపాటు ఇంకో సంగతి, ద్రవం ఎంత చల్లగా ఉంటే అంత ఎక్కువ గ్యాస్ కరుగుతుంది.

6 డిగ్రీల సెల్సియస్ దగ్గర 12 పీఎస్‌ఐ ఉంటే, ప్రతి లీటరు బీరులో సుమారు 2.3 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది. నేను ఒత్తిడి తగ్గించేసరికి అంత గ్యాస్‌ను పట్టి ఉంచే బలం పోయింది. అది కెగ్‌లోనే, పైపులోనే బయటికి రావడం మొదలైంది. అందుకే పైపులో బుడగలు, అందుకే చప్పదనం. అంటే నేను సమస్యను తగ్గించలేదు. దాన్ని కుళాయి దగ్గర్నుంచి పైపులోకి జరిపానంతే.

ఒకే ఆదివారం, మూడు మార్పులు

ఒత్తిడి మళ్లీ 12కు పెట్టి, కెగ్‌కు వారం రోజులు టైమిచ్చాం. తర్వాతి ఆదివారం మళ్లీ రంగంలోకి దిగా. అప్పటికి దొరికిన సలహాలన్నీ ఒక కాగితం మీద రాసుకున్నా. కుళాయి విప్పి లోపలి జిగురు బ్రష్‌తో కడిగా. ఫ్రిజ్ మరను తిప్పి 6 డిగ్రీల నుంచి 3కు తెచ్చా. 5 అడుగుల పైపు తీసేసి 10 అడుగులది చుట్టగా చుట్టి బిగించా. మర్నాడు పోసి చూస్తే... గ్లాసు నిండా బీరు, పైన రెండు వేళ్ల నురగ. పెద్దాయన నా భుజం తట్టారు. నాకైతే గేట్ ర్యాంకు కొట్టినంత ఆనందం.

ఆ ఊపులోనే రెండో ఇంటర్వ్యూ వచ్చింది. ఫోన్‌లో. ఈసారి నా దగ్గర సొంత కథ ఉంది. కుదరనిది కూడా ఉంది. ఒత్తిడి తగ్గించి దెబ్బతిన్న సంగతి దగ్గర్నుంచి మొదలుపెట్టి ఉత్సాహంగా చెప్పా. అవతల ఆమె మధ్యలో ఒక్కసారి కూడా అడ్డుపడలేదు. అంతా అయ్యాక, ‘బాగుంది. కుళాయి కడిగారు, చల్లదనం పెంచారు, పైపు మార్చారు. ఈ మూడింటిలో ఏది పనిచేసింది?’ అని అడిగింది.

‘మూడూ కలిసి పనిచేశాయి’ అన్నా.

‘మూడూ అవసరమేనని మీకెలా తెలుసు?’

మాట రాలేదు. నిజంగా నాకు తెలియదు. రెండు రోజులకు ‘మీ ఆసక్తికి ధన్యవాదాలు’ అన్న మెయిల్ వచ్చింది. ‘ఒరేయ్, కంపెనీవాళ్లకి బీరు కథ చెప్పావా? ఇంకెక్కడి జాబు!’ అని రూమ్మేట్లు నవ్వారు. తప్పు బీరుది కాదని నాకు తెలుస్తూనే ఉంది. ఆమె అడిగింది మామూలు ప్రశ్నే. ఫ్యాక్టరీలో లైను ఆగి, నేను మూడు భాగాలు మార్చి నడిపించాననుకోండి. మళ్లీ ఆగినప్పుడు ఏ భాగం మార్చాలి? మూడూనా? వాటి ఖర్చెవరిది? బాగుచేయడం వేరు, ఎందుకు బాగైందో తెలియడం వేరు. జీతం ఇచ్చేది రెండోదానికి.

బాగైనదాన్ని మళ్లీ పాడుచేసి...

కిందికెళ్లి పెద్దాయనతో చెప్పా. ‘పాత పైపు మళ్లీ పెడతాను, చల్లదనం మళ్లీ 6కు తెస్తాను, నాకో రెండు వారాలు కావాలి’ అని. ‘చక్కగా వస్తున్నదాన్ని మళ్లీ చెడగొడతానంటావా?’ అన్నారు. ఫోన్‌లో జరిగింది చెప్పాను. కాసేపు ఆలోచించి, ‘మా షాపులో లేత్ మీద మూడు సెట్టింగులు ఒకేసారి మార్చినవాణ్ని ఫోర్‌మన్ ఆ పూటకి ఇంటికి పంపేవాడు. సరే, కానివ్వు’ అన్నారు.

ఈసారి కొలతలు పెట్టుకున్నా. ప్రతిసారీ 15 సెంటీమీటర్ల ఎత్తున్న అదే గ్లాసు, చల్లటి నీళ్లతో కడిగింది. కుళాయి ప్రతిసారీ పూర్తిగా తెరవాలి. సగం తెరిస్తే ఆ సందులోనే బీరు చిమ్మినట్టు వచ్చి నురగ ఇంకా పెరుగుతుంది. గ్లాసు నిండగానే స్కేలుతో నురగ ఎత్తు. గ్లాసు నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో స్టాప్‌వాచ్‌తో. ప్రతి ఏర్పాటుకూ మూడు గ్లాసులు. ఆ గ్లాసులు ఖాళీ చేయడానికి పెద్దాయన స్నేహితులు సైన్స్ మీద మహా అభిమానంతో హాజరయ్యేవాళ్లు.

ముందు 6 డిగ్రీలు, పాత 5 అడుగుల పైపు. కుళాయి మాత్రం అప్పటికే కడిగి ఉంది. మురికిని వెనక్కి తెచ్చి పెట్టలేం కదా. నురగ 9 సెంటీమీటర్లు. మొదట్లో విసుగొచ్చి ఆయన ఫోన్‌లో తీసిన ఫొటోలోనూ దాదాపు అంతే ఉంది. అంటే కుళాయి కడిగినా పాత నురగ అలాగే ఉంది. శుభ్రత మంచిదే కానీ, ఈ జబ్బుకు అది మందు కాదు. ఒకటి తేలింది.

అదే రోజు, అదే 6 డిగ్రీలు, పైపు మాత్రం 10 అడుగులు. నురగ 3 సెంటీమీటర్లు!

తర్వాత ఫ్రిజ్‌ను 3 డిగ్రీలకు తెచ్చి ఒక రోజు ఆగా. 19 లీటర్లు చల్లబడాలంటే అంత టైము కావాలి. 5 అడుగుల పైపుతో 7 సెంటీమీటర్లు. 10 అడుగులతో రెండున్నర. అంటే చల్లదనం కొంత సాయం చేసింది. కానీ అసలు పని చేసింది పైపు పొడవు.

ఇంకో ముచ్చట. 3 డిగ్రీల్లోనే, అదే 12 పీఎస్‌ఐతో వారం రోజులు వదిలేసి, 5 అడుగుల పైపుతో మళ్లీ కొలిస్తే నురగ 7 నుంచి 8 దాటింది. చల్లబడ్డ బీరు నెమ్మదిగా ఇంకా గ్యాస్ పీల్చుకుంది. లీటరుకు 2.3 లీటర్లున్నది 2.6 దాకా వెళ్లి ఉంటుంది. చల్లదనం పెంచితే ఆ మేరకు ఒత్తిడి కాస్త తగ్గించాలన్నమాట. మొదటి ఆదివారమే ఆగిపోయి ఉంటే ఇది ఎప్పటికీ తెలిసేది కాదు.

పైపు పొడవుకి ఇంత బలమా?

కెగ్‌లో 12 పీఎస్‌ఐ. కుళాయి మూతి దగ్గర సున్నా. మధ్యలో ఎక్కడో ఈ 12 తగ్గాలి. మేడ మీద నుంచి మెట్లు దిగొచ్చు, లేదంటే దూకొచ్చు. పొడవైన పైపులో రాపిడి వల్ల ఒత్తిడి మెట్టు మెట్టుగా తగ్గుతుంది, బీరు నిదానంగా బయటికొస్తుంది. పొట్టి పైపులో బీరు వేగం పెరిగి, మిగిలిన ఒత్తిడి కుళాయి దగ్గర ఒక్కసారిగా పడిపోతుంది. ఆ కుదుపుకే గ్యాస్ బయటపడుతుంది. స్టాప్‌వాచ్ కూడా అదే చెప్పింది. పొట్టి పైపుతో గ్లాసు 7 సెకన్లలో నిండితే, పొడవు పైపుతో 10 పట్టింది.

ఇక్కడ సెకండియర్ ఫ్లూయిడ్ మెకానిక్స్ బయటికి తీశా. అమెరికన్ పింట్ గ్లాసు 473 మిల్లీలీటర్లు. 10 సెకన్లలో నిండాలంటే సెకనుకు 47. పైపు లోపలి వ్యాసం అంగుళంలో 3/16 వంతు, అంటే 4.8 మిల్లీమీటర్లు. బీరు వేగం సెకనుకు సుమారు 2.7 మీటర్లు. గుర్తున్న పాయిజ్వీ సూత్రంలో అంకెలు వేయబోయి ఆగా. రెనాల్డ్స్ సంఖ్య చూస్తే 6 వేలు దాటుతోంది. ఆ సూత్రం రెండు వేల చిల్లర లోపే పనికొస్తుంది. కాబట్టి డార్సీ-వైస్‌బాక్ సమీకరణం. లెక్క కడితే అడుగుకు సుమారు 1.1 నుంచి 1.2 పీఎస్‌ఐ తగ్గుతుంది. కుళాయి ఎత్తులో ఉన్నందుకు దాదాపు 1, బీరు వేగానికి అర పీఎస్‌ఐ పోగా, పైపు తినాల్సింది పదిన్నర. అంటే 9 నుంచి 10 అడుగులు కావాలి. నేను సలహా విని గుడ్డిగా పెట్టిన 10 అడుగులు ఎందుకు సరిపోయాయో అప్పుడు అర్థమైంది.

బార్లకు ఇచ్చే పట్టికల్లో ఇదే పైపుకు అడుగుకు 3 పీఎస్‌ఐ అని ఉంటుంది. దాన్ని నమ్మితే 4 అడుగులు చాలు. కానీ ఆ పట్టికలు వేగంగా పోసే బార్ల కోసం. ఇంట్లో నిదానంగా పోసేటప్పుడు అంత రాపిడి ఉండదు. పైపు లావు సంగతైతే ఇంకా తీవ్రం. 4.8కి బదులు 6.35 మిల్లీమీటర్ల పైపు కొంటే రాపిడి నాలుగో వంతుకు పడిపోతుంది. అప్పుడు 10 అడుగులకు బదులు 40 అడుగులు కావాలి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి!

మొదటి గ్లాసు రహస్యం

మూడేసి గ్లాసుల అంకెలు వరుసగా రాస్తుంటే ఒకటి కళ్లబడింది. అన్నీ సరిచేశాక కూడా రోజు మొదటి గ్లాసులో నురగ 5 సెంటీమీటర్లు, రెండు, మూడు గ్లాసుల్లో రెండున్నర. ఇన్నాళ్లూ ‘మొదటిది అలాగే వస్తుందిలే’ అని వదిలేసేవాళ్లం. థర్మామీటర్ తీసుకుని చూస్తే ఫ్రిజ్ అడుగున 3 డిగ్రీలు, పైన కుళాయి దగ్గర అంతకంటే చాలా ఎక్కువ. రాత్రంతా అక్కడున్న పైపులో బీరు వేడెక్కుతోంది. అది తగిలించే కుళాయీ వెచ్చగానే ఉంటోంది. పాత కంప్యూటర్ ఫ్యాన్ ఒకటి లోపల పెట్టి గాలి తిప్పితే మొదటి గ్లాసు కూడా దారికొచ్చింది. గ్లాసులన్నిటినీ కలిపి సగటు రాసి ఉంటే ఇది దొరికేదే కాదు.

మన సిలబస్‌లోని ‘స్టూడెంట్’

రెండు ఉష్ణోగ్రతలు, రెండు పొడవులు, మొత్తం నాలుగు కలయికలు. నాకు తెలియకుండానే నేను చేసింది ‘డిజైన్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంట్స్’లోని అతి చిన్న పాఠం. ఒక్కోదాన్నే మార్చి చూస్తే ఏది పనిచేస్తోందో తెలుస్తుంది. కలయికలన్నీ చూస్తే ఒకదాని ప్రభావం ఇంకోదాని మీద ఎంతో కూడా తెలుస్తుంది. రోనాల్డ్ ఫిషర్ 1935లో ఈ పేరుతోనే పుస్తకం రాశారు.

అంతకంటే ముందే ఈ దారి తొక్కిన మనిషి బీరు కంపెనీలోనే ఉన్నాడు. మ్యాథ్స్‌లో ‘స్టూడెంట్స్ టీ టెస్ట్’ చదివే ఉంటారు. అది స్టూడెంట్లు కనిపెట్టింది కాదు. విలియం గాసెట్ అనే ఆయన 1899లో డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కంపెనీలో చేరాడు. బార్లీ, హాప్స్ లాంటి వాటిపై చేసే పరీక్షల్లో నమూనాలు చాలా తక్కువ ఉండేవి. నాలుగైదు అంకెలు చూసి ఒక నిర్ణయానికి రావొచ్చా అన్నది ఆయన సమస్య. జవాబు 1908లో ఒక పరిశోధన వ్యాసంగా వచ్చింది. ఉద్యోగులు సొంత పేరుతో అచ్చువేయడానికి కంపెనీ ఒప్పుకోదు కాబట్టి ‘స్టూడెంట్’ అనే పేరు పెట్టుకున్నాడు. మూడు గ్లాసులతో తీర్పు చెప్పిన నాకు ఆయన గుర్తుకురావడంలో వింతేముంది? నా విషయంలో తేడా 9కీ 3కీ మధ్య కాబట్టి కళ్లకే కనిపించింది. 7కీ 6కీ మధ్య అయి ఉంటే మూడు గ్లాసులు సరిపోయేవి కావు.

మూడో ఇంటర్వ్యూ

ద్రవాలను సీసాల్లో నింపే యంత్రాలు తయారుచేసే ఒక సంస్థ పిలిచింది. మళ్లీ అదే ప్రశ్న. ఈసారి కథను చివరినుంచి చెప్పా. ‘ఒక సమస్య పరిష్కరించాను. ఎందుకు పరిష్కారమైందో తెలియక ఒక ఇంటర్వ్యూ పోగొట్టుకున్నా. వెనక్కి వెళ్లి దాన్ని మళ్లీ పాడుచేసి, మళ్లీ బాగుచేశా’ అన్నా. బోర్డు మీద నాలుగు గడులు గీసి అంకెలు వేశా.

వాళ్లు వదల్లేదు. ‘కుళాయి శుభ్రత ప్రభావం సున్నా అని చెప్పగలవా?’ అని ఒకాయన అడిగారు. ‘చెప్పలేను. మురికి కుళాయితో కొలతలు నా దగ్గర లేవు. ప్రధాన కారణం కాదని మాత్రం చెప్పగలను’ అన్నా. ఆయన పక్కనున్నావిడ వైపు చూసి తలూపారు. ఏడాది కిందటి నేనైతే ‘సున్నానే సార్’ అని ధీమాగా అనేసేవాణ్ని. ఇంటర్న్‌షిప్ వచ్చింది. అది తర్వాత ఉద్యోగమైంది.

బీరు పేరెత్తడం తప్పనిపించే చోట ఇదే కథను సోడా అని చెప్పొచ్చు. గ్యాస్, ఒత్తిడి, పైపు... లెక్క ఒక్కటే.

విదేశాల్లో ఉన్నవాళ్లకు నురగ సమస్య వస్తే...

- మొదటి గ్లాసే నురగా, అన్నీనా? మొదటిదే అయితే కుళాయి, పైపు వెచ్చగా ఉన్నట్టు. అన్నీ అయితే పైపు పొడవు, లేదా బీరులో గ్యాస్ మరీ ఎక్కువవడం.

- త్వరగా గ్యాస్ ఎక్కించాలని 30 పీఎస్‌ఐ పెట్టి కెగ్‌ను ఊపారా? గ్యాస్ ఎక్కువై ఉంటుంది. సిలిండర్ ఆపి, కెగ్ మీది వాల్వ్ లాగి ఒత్తిడి వదలండి. గంటల తేడాతో ఒకటి రెండు రోజులు ఇలా చేస్తే దిగుతుంది.

- పైపులో బుడగలు కనిపిస్తే రెండు కారణాలు. రెగ్యులేటర్ ఒత్తిడి మరీ తక్కువ కావచ్చు, లేదా గొట్టం దగ్గర రబ్బరు రింగు పాడై గ్యాస్ బీరులో కలుస్తుండొచ్చు.

- ఒత్తిడిని ఉష్ణోగ్రతను బట్టి పెట్టండి, నురగను బట్టి కాదు. నురగను పైపు పొడవుతో సరిచేయండి.

- సిలిండర్‌ను గాలి ఆడని చిన్న గదిలో పెట్టొద్దు. కార్బన్ డయాక్సైడ్ లీకైతే వాసన రాదు, ప్రాణాలకే ముప్పు.

మీ దగ్గర ఏ సమస్య ఉంది?

కెగ్ అక్కర్లేదు. సెలవులకు ఊరెళ్తే పొలం దగ్గర మోటారు ఉంటుంది. ‘నీళ్లు సరిగా ఎత్తట్లేదు’ అని నాన్న మెకానిక్‌ను పిలిస్తే, అతను ఫుట్ వాల్వ్ మార్చి, కెపాసిటర్ మార్చి, గ్లాండ్ బిగించి డబ్బులు తీసుకుని వెళ్తాడు. నీళ్లు వస్తాయి. మరి ఏది పనిచేసింది? ఈసారి అతను రాకముందే ఒక బకెట్ నిండటానికి ఎన్ని సెకన్లు పడుతోందో కొలవండి. ఒక్కో మార్పు తర్వాత మళ్లీ కొలవమనండి. హాస్టల్ వైఫై నెమ్మదిస్తే అన్నీ ఆపి మళ్లీ ఆన్ చేసే ముందు, ఏ గదిలో, ఏ టైములో, ఎంత స్పీడో వారం రోజులు రాయండి. ల్యాప్‌టాప్ వేడెక్కినా, మీరు రాసిన కోడ్ ఆగిపోయినా పద్ధతి ఇదే.

ఒక నోట్‌బుక్‌లో నాలుగే విషయాలు రాసుకోండి. మార్చకముందు అంకె ఎంత? ఏ ఒక్కటి మార్చాను? తర్వాత అంకె ఎంత? నేను అనుకున్నదాంట్లో ఏది తప్పైంది? ప్లేస్‌మెంట్ల లోపు ఇలాంటి పేజీ ఒక్కటైనా మీ చేతిరాతతో ఉంటే, ‘మీరు పరిష్కరించిన సమస్య చెప్పండి’ అన్నప్పుడు బట్టీ అవసరం ఉండదు. తర్వాత వచ్చే ప్రశ్నకు కూడా జవాబు ఆ పేజీలోనే ఉంటుంది.